ఎవరీ 'ఆసియన్'?

బ్రిటన్ నుంచి వచ్చిన వార్తలో 'ఏషియన్' అని ఉంటే చాలావరకు అది భారత, పాకిస్థాన్, బంగ్లాదేశ్ మూలాలున్న మనిషి గురించే. అమెరికా వార్తలో అదే మాట కనిపిస్తే అక్కడి సామాన్య పాఠకుడికి ముందు తట్టేది చైనా, కొరియా, వియత్నాం మూలాలవారు. నైరోబీ, కంపాలా వార్తల్లో అయితే తరాల క్రితం అక్కడ స్థిరపడిన గుజరాతీ, పంజాబీ కుటుంబాలు. తెలుగులోకి వచ్చేసరికి వీళ్లందరినీ 'ఆసియా వాసులు' అని ఒకే గాటన కట్టేస్తున్నాం. ఇది అనువాదం కాదు, మూలంలో ఉన్న సమాచారాన్ని చెరిపేయడం. ఈ అలవాటును తెలుగు పత్రికలన్నీ మానుకోవాలన్నది మా నిశ్చితాభిప్రాయం.

'వాసి' అంటే నివసించేవాడు. బర్మింగ్‌హామ్‌లో పుట్టి, అక్కడే చదువుకుని, అక్కడే ఓటు వేస్తున్న మనిషిని 'ఆసియా వాసి' అంటే అతని ఊరు, పౌరసత్వం రెండూ లాగేసుకున్నట్టే. 'ఆసియా దేశస్థుడు' అనడం ఇంకా పెద్ద పొరపాటు. అది ఏ దేశపు పౌరుడో చెప్పే మాట. అక్కడ కావలసింది 'సంతతి'. 'ఆసియా సంతతి బ్రిటన్ పౌరుడు' అంటే సరిపోతుంది, 'పాకిస్థాన్ సంతతి' అని తెలిసినప్పుడు అలాగే రాస్తే ఇంకా మంచిది. 'ఆసియా వాసి'ని ఈ ఖండంలో ఉంటున్నవారికే అట్టిపెట్టుకోవాలి. అక్షరాల దగ్గరా ఒక ప్రమాదం ఉంది. 'ఆసియన్' వేరు, 'ఆసియాన్' వేరు. రెండోది 1967లో బ్యాంకాక్‌లో అయిదు దేశాలతో మొదలైన ఆగ్నేయాసియా దేశాల కూటమి. అందులో భారత్‌కు గానీ చైనాకు గానీ సభ్యత్వం లేదు. ఒక్క దీర్ఘం జారితే కూటమి నిర్ణయం కాస్తా ఖండం మొత్తం నిర్ణయంగా అచ్చవుతుంది.

అసలు ఈ పేరు ఇక్కడివాళ్లు పెట్టుకున్నది కాదు. గ్రీకులు తమకు తూర్పున ఉన్న నేలను ఆసియా అన్నారు. ఒకటిగా ఉన్న భూమికి మూడు పేర్లు, అవీ ఆడవాళ్ల పేర్లు, ఎందుకు వచ్చాయో తనకు బోధపడటం లేదని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఆనాడే రాశాడు. పెర్గమాన్ రాజు క్రీ.పూ. 133లో తన రాజ్యాన్ని రోమ్‌కు రాసిచ్చి చనిపోయాక ఏర్పడిన రోమన్ 'ఆసియా' నేటి తుర్కియే పశ్చిమ భాగం మాత్రమే. ఆ చిన్న ప్రాంతం పేరే సాగి సాగి నేడు ప్రపంచ జనాభాలో సుమారు 60 శాతం మంది మీద పరుచుకుంది. అంతమందికి వర్తించే మాట ఒక మనిషి ఆనవాలు ఏం చెప్పగలదు?

అందుకే ప్రతి దేశమూ ఆ మాటకు తనకు కావలసిన హద్దు గీసుకుంది, గీసిన హద్దును చెరిపి మళ్లీ గీసింది. అమెరికా జనగణన 1920 నుంచి 1940 దాకా భారత మూలాలవారిని 'హిందూ' అనే జాతి కింద రాసుకుంది. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన సిక్కులూ ముస్లింలూ ఆ లెక్కలో హిందువులే. 1970లో భారతీయులను శ్వేతజాతి కింద లెక్కించారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అనే గడి వచ్చింది. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం సవరించిన జాతి వర్గీకరణ ప్రమాణాల ప్రకారం మధ్య, తూర్పు, ఆగ్నేయ, దక్షిణాసియా మూలాలవారు 'ఏషియన్లు'. పటంలో ఆసియాలోనే ఉన్న ఇరాన్, ఇరాక్, లెబనాన్ మూలాలవారికి మరో గడి కేటాయించారు. 2020 లెక్కల్లో ఒకే మూలం చెప్పుకున్న ఆసియన్లలో భారతీయులదే పెద్ద సంఖ్య, దాదాపు 44 లక్షలు. అయినా అక్కడి వాడుకలో ఆ మాటకు మొదట గుర్తొచ్చేది వాళ్లు కాదు.

ఇంగ్లాండ్, వేల్స్ లెక్కలతో మరో చిక్కు. 2001లో 'ఏషియన్' వర్గంలో చైనీయులు లేరు, 2011లో చేర్చారు. ఈ సంగతి చూడకుండా రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి 'ఆసియన్ల సంఖ్య ఇంత పెరిగింది' అని రాస్తే, ఆ పెరుగుదలలో కొంత కేవలం గడి మారడం వల్ల వచ్చినదే అవుతుంది. 2011 నాటి 7.5 శాతాన్ని 2021 నాటి 9.3 శాతంతో పోల్చవచ్చు, రెండింటిలోనూ చైనీయులు ఉన్నారు.

అలాగని ఈ మాటను పూర్తిగా పారేయమని మేము అనడం లేదు. 1968లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు 'ఓరియంటల్' (తూర్పు దేశాలవాళ్లు) అనే పేరును తిరస్కరించి 'ఏషియన్ అమెరికన్' అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. 1982లో డెట్రాయిట్ దగ్గర విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ని కొట్టి చంపారు. అవి జపాన్ కార్ల పోటీ మీద అక్కడి కార్ల పరిశ్రమ రగిలిపోతున్న రోజులు. నేరస్థులకు జైలు శిక్ష పడలేదు, ప్రొబేషన్ (జైలు బదులు పర్యవేక్షణలో ఉంచడం), 3,000 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. జపనీయులు, కొరియన్లు, ఫిలిపినోలు ఆ కుటుంబం పక్షాన నిలబడినప్పుడు వారిని కలిపింది ఈ ఉమ్మడి పేరే. ఒక సమూహం తానుగా ఎత్తుకున్న పేరును ఉన్నదున్నట్టు రాయాల్సిందే.

ఆరోగ్య పేజీలో మాత్రం ఈ మాటతో మరీ జాగ్రత్తగా ఉండాలి. మూర్ఛకు వాడే కార్బమజెపీన్ 'ఆసియన్లకు' ప్రమాదకరమని రాస్తే సగం నిజమే చెప్పినట్టు. చర్మం ఊడిపోయే తీవ్రమైన ప్రతిచర్యకు కారణమయ్యే హెచ్ఎల్ఏ-బి*15:02 జన్యురూపం హాన్ చైనీయుల్లో, థాయ్ ప్రజల్లో ఎక్కువ. జపాన్, కొరియాల్లో ఒక శాతం లోపే. భారతీయులు ఈ రెంటికీ నడుమ ఉంటారు. ఎత్తును బట్టి బరువును అంచనా కట్టే బరువు సూచీ (బీఎంఐ) విషయంలోనూ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా జనాభాలకు 23, 27.5 అంకెలను జాగ్రత్తపడాల్సిన స్థాయులుగా సూచించారు. ఆ జనాభాలన్నీ ఒకేలా లేవని, ప్రమాదం మొదలయ్యే అంకె దేశాన్ని బట్టి మారుతుందని కూడా అదే నివేదికలో ఉంది. మొదటి వాక్యం వార్తయింది, రెండోది చాలాచోట్ల అచ్చుకే రాలేదు.

డెస్క్‌లో చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. వార్తా సంస్థ పంపిన ఏజెన్సీ కాపీలో 'ఏషియన్' కనిపించగానే ముందు డేట్‌లైన్, అంటే వార్త ఏ ఊరి నుంచి వచ్చిందో, చూడాలి. తర్వాత కాపీ చివరిదాకా చదవాలి. దేశం పేరు తరచూ అయిదో, ఆరో పేరాలో ఉంటుంది, శీర్షిక రాసేటప్పటికి అది కంటపడదు. అంకెలుంటే ఆ వర్గంలో ఎవరిని కలిపారో, ఎవరిని వదిలారో ఒక్క వాక్యంలో చెప్పాలి. నేర వార్తలో నిందితుడి మూలం నేరానికి సంబంధం లేనిదైతే ఖండమూ వద్దు, దేశమూ వద్దు. పోలీసులు గాలిస్తున్న వ్యక్తి ఆనవాళ్లలో ఆ మాట ఉంటే అది సాక్షి చూపుకు తోచిన పోలిక మాత్రమే. 'ఆసియన్‌లా కనిపించాడని సాక్షి చెప్పినట్టు పోలీసులు తెలిపారు' అని చెప్పినవారికే ఆ మాటను వదిలేసి రాయాలి.