నక్షత్రాలకు అలైన్‌మెంట్ మార్పు: ఒక సమర్థన

ఈ దేశంలో ఒక రోడ్డు వేయాలంటే ఎంత తతంగమో తెలిసిందే. సర్వే రాళ్లు పాతితే రైతులు పీకేస్తారు. అలైన్‌మెంట్ కాస్త పక్కకి జరిపితే, ఎవరి భూముల కోసం జరిపారో మర్నాడు పేపర్లో వస్తుంది. ఈలోగా ఎవరో కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంటారు. నష్టపరిహారం ఫైలు ఒక ప్రభుత్వంలో పుట్టి ఇంకో ప్రభుత్వంలో ముసలిదవుతుంది. ఇలాంటి రోజుల్లో, పాలన అంటే ఎలా ఉండాలో నోరు మెదపకుండా చేసి చూపిస్తున్న ఒక వర్గాన్ని మనం గుర్తించకపోవడం అన్యాయం. వాళ్లు గేమ్ మాడర్లు, అంటే ఎవరో చేసిన గేముని తమకి నచ్చినట్టు మార్చేవాళ్లు. అందులోనూ అంతరిక్ష వ్యాపారం గేముల్లో నక్షత్ర పటాన్ని తిరగరాసే మహానుభావులు.

ఎండ్‌లెస్ స్కై సంగతే చూడండి. 2015లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలోకి వచ్చిన ఉచిత, ఓపెన్ సోర్స్ గేమ్, అంటే లోపలి కోడ్ ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. చవకగా దొరికినచోట సరుకు కొని, ఖరీదు పలికేచోట అమ్ముకోవడం అందులో మన బతుకుతెరువు. కథ 3013లో మొదలవుతుంది. అప్పటికి మనిషి నక్షత్రాలన్నీ చుట్టబెట్టాడు గానీ అప్పుల్లోంచి మాత్రం బయటపడలేదు. మొదటి ఓడ కొనుక్కోవడానికి బ్యాంకు 4,80,000 క్రెడిట్లు (ఆ గేములో డబ్బు) అప్పు ఇస్తుంది, వడ్డీతో కలిపి 365 రోజువారీ వాయిదాల్లో కట్టాలి.

ఈ విశ్వమంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటుంది. అంటే నోట్‌ప్యాడ్ తెరవడం వచ్చిన ప్రతివాడూ బ్రహ్మే. 'సిస్టమ్' అని రాసి ఒక పేరు పెడితే నక్షత్ర మండలం పుట్టింది. 'పోస్' పక్కన రెండు అంకెలు వేస్తే దానికి పటం మీద చోటు దొరికింది. 'గవర్నమెంట్' పక్కన ఏం రాస్తే అక్కడి జనం అది: రిపబ్లిక్ అంటే రిపబ్లిక్, సిండికేట్ అంటే సిండికేట్, పైరేట్ అంటే ఇక వాళ్ల ఖర్మ. ఎన్నికలు లేవు, అఖిలపక్షం లేదు. సేవ్ కొట్టి గేమ్ మళ్లీ తెరిస్తే చాలు, కోట్లాది పౌరుల జాతీయత మారిపోయి ఉంటుంది. ఒక్కడంటే ఒక్కడు ధర్నాకి కూర్చోడు.

అసలు దక్షత బయటపడేది 'లింక్' దగ్గర. రెండు నక్షత్రాల మధ్య దారి ఉండాలంటే ఇటువైపు ఒక లైను, అటువైపు ఒక లైను రాయాలి. అటువైపుది మరిచిపోతే వెళ్లడానికే దారి ఉంటుంది, తిరిగి రావడానికి ఉండదు. గిట్టనివాళ్లు దీన్ని తప్పు అంటారు. వన్‌వే పెట్టి ట్రాఫిక్‌ని క్రమబద్ధం చేశారని ఎందుకు అనకూడదు? అలా వెళ్లి చిక్కుకున్న కెప్టెన్ ఉన్నచోటే దిగుతూ లేస్తూ కాలక్షేపం చేయొచ్చు. లేచిన ప్రతిసారీ ఒక రోజు గడుస్తుంది, ఆ రోజుకి వాయిదా కోత పడుతుంది. బ్యాంకుకి దారితో పని లేదు.

ఇంతకంటే ఘనమైన ఘట్టం ఇంకొకటి ఉంది. గేములో ముందే ఉన్న నక్షత్రానికి కొత్త దారి కలపాలంటే 'యాడ్ లింక్' అని రాయాలి. చాలామంది ఉత్సాహంలో 'యాడ్' వదిలేసి ఉత్త 'లింక్' రాస్తారు. అప్పుడు ఆ నక్షత్రం నుంచి బయల్దేరే పాత దారులన్నీ రద్దయిపోయి, కొత్తది ఒక్కటే మిగులుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరికే అనలేదు. 'ఆబ్జెక్ట్' విషయంలోనూ ఇదే చట్టం. మనం ఆట మొదలుపెట్టే రుటిలికస్‌లో ఒక చిన్న స్పేస్ స్టేషన్ పెడదామని 'యాడ్' లేకుండా 'ఆబ్జెక్ట్' రాశారనుకోండి. అక్కడి పాత జాబితా మొత్తం చెరిగిపోతుంది. సూర్యుడు కూడా ఆ జాబితాలో ఒక ఆబ్జెక్టే. కాబట్టి సూర్యుడూ ఉండడు, గ్రహాలూ ఉండవు, చీకట్లో కొత్త స్టేషన్ ఒక్కటే ప్రారంభోత్సవానికి సిద్ధంగా ఉంటుంది. మూడక్షరాల ఇంగ్లీషు మాట రాయనందుకు ఒక సౌరమండలం పోయింది. భూసేకరణ చట్టం కింద ఇది సాధ్యమయ్యే పనేనా?

ఇక 'పోస్' అంకెలు మార్చి నక్షత్రాన్ని పటంలో ఈ మూల నుంచి ఆ మూలకి ఈడ్చేస్తే ఏమవుతుందని అడగొచ్చు. సామాన్యుడికి ఏమీ కాదు. హైపర్‌డ్రైవ్, అంటే నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకించే మామూలు ఇంజిన్, ఉన్న ఓడ లింక్ పట్టుకుని పోతుంది. దూరం ఎంతైనా ఒక్కో దూకుడుకి 100 యూనిట్ల ఇంధనమే. తేడా తెలిసేది జంప్ డ్రైవ్ ఉన్న దొరలకే. వాళ్లకి లింక్ అక్కర్లేదు, దగ్గర్లో ఏ నక్షత్రం ఉంటే దాని మీదికి నేరుగా దూకేస్తారు. అంటే దారులు పోయినప్పుడు ఇబ్బంది పడేది లేనివాళ్లు, నక్షత్రం జరిగినప్పుడు లెక్కలు చూసుకునేది ఉన్నవాళ్లు. ఈ ఒక్క విషయంలో మాత్రం గేమ్ రాసినవాళ్లు భూమ్మీది పద్ధతిని మార్చలేదు.

ధరల గురించి చెప్పకపోతే మాడర్ల ప్రజాసేవ సగమే చెప్పినట్టు. ప్రతి మండలంలో ఫుడ్ నుంచి లగ్జరీ గూడ్స్ దాకా పది రకాల సరుకులకి మూలధర రాయొచ్చు. సరుకు ఎక్కువున్నచోటి నుంచి రోజూ కొంత లింకుల మీదుగా పక్క మండలాలకి పారుతూ ఉంటుంది, ధరలు దాన్నిబట్టి ఊగుతాయి. ఇంత సున్నితమైన ఏర్పాటులోకి మన మాడర్ తన సొంత నక్షత్రాన్ని తెచ్చి దించుతాడు. ఎక్కడో మూల కాదు, సరిగ్గా సోల్ పక్కన, అంటే మన సూర్యుడి పక్కన. అక్కడ ఫుడ్ 100. ఒక్క దూకుడు అవతల, అదీ ఆయన పెట్టిందే, ఫుడ్ 600. రింగ్ రోడ్డు ఎటు పోతుందో ముందే తెలిసి పొలం కొనుక్కున్నవాళ్లని మనం తిడతాం. ఇక్కడ పొలం, రోడ్డు, రింగు, రేటు అన్నీ ఒకే చేతిరాత. పారదర్శకత అంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఈ సంప్రదాయం కొత్తదేం కాదు. 1984లో ఇయాన్ బెల్, డేవిడ్ బ్రేబెన్ బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం ఎలీట్ అనే అంతరిక్ష వ్యాపారం గేమ్ చేశారు. 32 కిలోబైట్ల మెమరీలో పటం దాచుకోవడానికి చోటెక్కడిది? అందుకని ఒక బీజ సంఖ్య పెట్టి, దాన్నుంచి లెక్క కట్టి ఎనిమిది గెలాక్సీలు పుట్టించారు, ఒక్కోదానిలో 256 మండలాలు. పేరు, ప్రభుత్వం, ఆదాయం, అన్నీ ఆ లెక్కలోంచే. ఒక గెలాక్సీలో ఓ గ్రహానికి ఇంగ్లీషులో పిర్రలకి వాడే మోటు మాట పేరుగా వచ్చిందట. పేరు ఒక్కటీ మార్చడం ఆ పద్ధతిలో కుదరని పని. దాంతో గెలాక్సీనే పక్కన పెట్టేసి ఇంకోటి తెచ్చుకున్నారు. ఒక ఊరి పేరు మార్చడానికి తీర్మానాలు చేసి ఢిల్లీ చుట్టూ తిరిగే మనవాళ్లు ఈ వేగం చూసి నేర్చుకోవాలి.

ప్రతిపక్షం లేదా అంటే ఉంది, దాని పేరు ఎర్రర్స్ ఫైలు, ఎండ్‌లెస్ స్కై తనకి దొరికిన తప్పులు రాసిపెట్టే ఫైలు. మాడర్ ఒక దారి రాసేటప్పుడు నక్షత్రం పేరులో ఒక్క అక్షరం తేడాగా కొట్టాడనుకోండి, గేమ్ ఆ పేరుతో ఇంకో నక్షత్రం ఉందేమో అనుకుంటుంది. ఎక్కడా నిర్వచించని నక్షత్రానికి దారి పడుతుంది. ఈ సంగతి ఎర్రర్స్ ఫైల్లో బుద్ధిగా నమోదవుతుంది: ఫలానా మండలం ప్రస్తావన ఉంది, వివరాలు లేవు అని. ఇంత మర్యాదగా మాట్లాడే ప్రతిపక్షం ఏ అసెంబ్లీలోనూ దొరకదు. చదివేవాళ్లే లేరు.

ఇవన్నీ జరిగాక కొత్త వెర్షన్ వస్తుంది. దారులు తెగినవాళ్లు, సూర్యుడు పోయినవాళ్లు, రాత్రికి రాత్రి పైరేట్ల పౌరులైనవాళ్లు తమకేం జరిగిందో తెలుసుకుందామని విడుదల నోట్ తెరుస్తారు. అందులో ఒకే ఒక్క లైను ఉంటుంది: మ్యాప్‌లో చిన్న చిన్న సవరణలు చేశాం.