రెండు నిమిషాల్లో ఆరు చియెన్‌ల నష్టం

నా ఎముకల బరువు 3 లియాంగ్‌ల 4 చియెన్‌లు. మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తేలిందీ సంగతి. సింగపూర్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవు పెట్టి వస్తూ, ఎర్ర అట్ట చైనా పంచాంగం ఒకటి పట్టుకొచ్చాడు. పప్పులో నెయ్యి వేసుకుంటుంటే ఆపి, "మామయ్యా, నువ్వెన్నింటికి పుట్టావ్?" అన్నాడు.

"పదకొండు దాటి ఐదు నిమిషాలట. మా అమ్మ చెప్పేది."

వాడు ఫోన్‌లో నా పుట్టినరోజును చైనా తిథిలోకి మార్చి, పట్టికలో వేలు పెట్టి కూడి, పెదవి విరిచాడు. "ఇల్లు వదిలి సన్యాసం పుచ్చుకుంటే మంచిదట మామయ్యా. పొద్దునా సాయంత్రం అమితాభ బుద్ధుణ్ణి జపించాలట."

మా ఆవిడ వడ్డన ఆపకుండానే, "ఎప్పట్నుంచి?" అంది.

శాస్త్రం కాబట్టి గౌరవంగానే వివరిస్తాను. పుట్టిన సంవత్సరానికో బరువు, నెలకో బరువు, తిథికో బరువు, వేళకో బరువు. నాలుగూ కూడితే వచ్చేదే ఎముకల బరువు, అదే తలరాత. లియాంగ్ అంటే సింగపూర్ కాటాలో 38 గ్రాములకు కాస్త తక్కువ, అందులో పదో వంతు చియెన్. అందరికన్నా తేలికవాడు 2 లియాంగ్‌ల 1 చియెన్, అందరికన్నా బరువైనవాడు 7 లియాంగ్‌ల 1 చియెన్. అంటే మహర్జాతకుడి అదృష్టమంతా కలిపి 270 గ్రాములు లేదు. పావుకిలో వంకాయల మీద కొసరుగా ఒక బుల్లికాయ. ఈ రెండు కొసల మధ్య 51 మెట్లు, మెట్టుకో పద్యం. 140 కోట్ల చైనా జనాన్ని వీటిలో సర్దితే సగటున పద్యానికి 2.7 కోట్ల మంది. నాతో తూగినవాళ్లంతా నిజంగా ఇల్లు వదిలితే మఠాల్లో చాపలు దొరకవు.

చైనాలో 1959లో తూకాలు సవరించారు. జిన్ అనే అరకిలో తూకానికి 16 లియాంగ్‌లుండేవి, 10 అయ్యాయి, లియాంగ్ 31 గ్రాముల నుంచి 50 గ్రాములకు లావెక్కింది. దేశంలో ఎముకలన్నీ ఒక్క దెబ్బకు బరువెక్కిన ఆ ఏడాది, అక్కడ కోట్లమందిని మింగిన కరువు నడుస్తోంది.

ఈ తక్కెడ తాంగ్ వంశ కాలపు జ్యోతిష్యుడు యువాన్ తియెన్‌గాంగ్‌దని చెప్పుకుంటారు. మగపిల్లాడి బట్టలు తొడిగిన ఓ పసిబిడ్డను చూసి, 'ఇది ఆడపిల్లయితేనా, దేశాన్నే ఏలును' అన్నాడట ఆయన. ఆ బిడ్డే 690లో సింహాసనమెక్కిన వూ జెతియెన్. కానీ కథలో ఆయన చూసింది కళ్లూ మెడా. తక్కెడ తీయలేదు.

సరే, అసలు విషయం గడియారం. చైనా లెక్కలో రోజుకు 12 వేళలు, ఒక్కోటి రెండు గంటలు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపు పుడితే 1 లియాంగ్ 6 చియెన్‌లు. పదకొండు దాటిందా, 1 లియాంగే. 10:59కి పుట్టినవాడికీ 11:01కి పుట్టినవాడికీ ఆరు చియెన్‌ల తేడా! మా అమ్మ ఆరు నిమిషాలు ముందు కనుంటే నాకు సరిగ్గా 4 లియాంగ్‌లు వచ్చేవి. తిండికీ బట్టకూ లోటులేదు, ముదిమిలో సుఖం అని ఉంది ఆ పద్యంలో.

ఇప్పుడు కాష్గర్ వెళ్దాం. మన అనంతపురానికి దాదాపు నేరుగా ఉత్తరాన, చైనా పడమటి కొసన ఉన్న ఊరు. దేశమంతటికీ ఒకటే గడియారం, బీజింగ్‌ది. కాష్గర్‌లో మాత్రం చాలామంది రెండు గంటలు వెనక్కి పెట్టుకున్న స్థానిక టైమ్ వాడతారు. అక్కడ ఒక కాన్పు గది. నాయనమ్మ కళ్లు గోడ మీది బీజింగ్ గడియారం మీద: 10:59. "కానియ్యి తల్లీ, ఒక్క నిమిషమే ఉంది!" అమ్మమ్మ చేతికి స్థానిక వాచీ: 8:59. ఇప్పుడు పుడితే తొమ్మిది చియెన్‌లే, తొమ్మిది దాటితే 1 లియాంగ్ 6. "ఆగు తల్లీ, రెండు నిమిషాలు బిగబట్టు!" ఒకావిడ పొట్ట నొక్కుతుంది, ఒకావిడ మోకాళ్లు దగ్గరికి లాగుతుంది. తలుపు దగ్గర నిలబడ్డ జ్యోతిష్యుడు గొంతు సవరించుకుని, అసలైన సూర్యుడి లెక్కన ఇంకా ఎనిమిదే దాటిందమ్మా, మీ ఇద్దరిదీ తప్పే అంటాడు. 1986 నుంచి 1991 దాకా అయితే వేసవిలో దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపారు కాబట్టి, ఆ గదిలోకి మూడో ముసలమ్మ కూడా పడుతుంది.

నవ్వొస్తోందా? ఆ మంచం మీద ఒక మనిషి ఉంది. ఆమెనెవరూ ఏమీ అడగలేదు.

మనకు నవ్వే అర్హత లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. అన్నీ ముహూర్తాలవని అనను. కానీ సిద్ధాంతిగారు కాగితం మీద రాసిచ్చిన 6:42కి కత్తి పెట్టే డాక్టర్లు లేరా మన ఊళ్లలో? నెలలు పూర్తిగా నిండకుండానే బయటికి తీస్తే బిడ్డకు ఊపిరి ఆడని ప్రమాదం ఎక్కువని తెలియదా వాళ్లకి? తెలుసు. తెలిసే కోస్తున్నారు, మనం తెలిసే కోయిస్తున్నాం. కుట్లు మాత్రం ఆమెకి. లేవలేక లేస్తూ నెలల తరబడి నడుం పట్టుకునేది ఆమె. పంచాంగం రాసినవాడి పొట్ట మీద గీత కూడా పడదు. సిగ్గుండాలి మనకి.

నా గొంతు పెరిగిందని నాకు తెలుసు. ఎందుకంటే ఆ ఆదివారం బల్లకు అటు చివర మా మేనల్లుడి భార్య కూర్చుని ఉంది. పురిటికని ఏడో నెలలోనే పుట్టింటికొచ్చింది, ఇప్పుడు తొమ్మిదో నెల. నన్ను తూచడం వాడికి రిహార్సల్ మాత్రమే. ఇక్కడి సిద్ధాంతి మూడు ముహూర్తాలిచ్చాడట, అందులో చైనా తక్కెడకి కూడా తూగేదేదో చూద్దామని పుస్తకం తెచ్చాడు. ఆ పిల్ల మజ్జిగన్నం కలుపుతూ కలుపుతూ ఉండిపోయింది, ముద్ద నోట్లో పెట్టలేదు.

ఇంగ్లీషులో బుక్, చైనాలో 'షు'. దక్షిణ చైనాలో కాంటన్ వాళ్ల నోట పుస్తకమన్న మాట 'ఓటమి'లా వినిపిస్తుందని, ఈ పంచాంగం పేరునే 'గెలుపు' అన్న అర్థం వచ్చేలా మార్చుకున్నారు. ఆ గెలుపు పుస్తకం ప్రస్తుతం నా బీరువాలో ఉంది, తాళం మా ఆవిడ కొంగున. వాడు వెతుక్కుంటున్నాడు. వచ్చే ఆదివారం పాత పేపర్లవాడు వస్తాడు. వాడి కాటాని కూడా నమ్మలేం, కానీ వాడు తూచేది పుస్తకాన్నే.