ఇందులో కాపీ ఎక్కడుందయ్యా?

సోమవారం పొద్దున తొమ్మిదింటికి షాపు తీసి ప్రింటర్ ఆన్ చేస్తే తెర మీద ఒకటే మాట: ఒరిజినల్ కార్ట్రిడ్జ్ పెట్టండి. బయట ఆరుగురు నిలబడి ఉన్నారు. ఒకమ్మాయికి పదింటికి ఇంటర్వ్యూ, రెజ్యూమె కావాలి. ఒకాయన అద్దె అగ్రిమెంటుకి ఓనర్ని బైటే స్కూటర్ మీద కూర్చోబెట్టి వచ్చాడు. శనివారం రాత్రి దాకా ఇదే ప్రింటర్, ఇదే కార్ట్రిడ్జ్. సగం పైన టోనర్, అంటే అచ్చు వేసే నల్ల పొడి, ఇంకా లోపలే ఉంది. చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తోంది.

జరిగిందేమంటే, ఆదివారం మా కుర్రోడు "అన్నా, అప్‌డేట్ అడుగుతాంది" అని ఓకే నొక్కేశాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు, నేనున్నా నొక్కేవాణ్ణే. అప్‌డేట్ అంటే మంచిదేగా అనుకుంటాం.

మాది మదనపల్లె పక్క పల్లె. బెంగళూరు మారతహళ్లిలో జిరాక్స్ షాపు పెట్టి పదకొండేళ్లయింది. చుట్టూ పీజీలు, సగం మంది మనవాళ్లే, కాబట్టి తెలుగులోనే బేరం. ఒరిజినల్ టోనర్ 5,400. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరికే వేరే కంపెనీది 650. నేను వాడేది అదే. పేజీలు ఇంచుమించు ఒకటే వస్తాయి. అక్షరాలు కాస్త పలచగా పడతాయేమో, ఆధార్ జిరాక్స్‌కి ఎవరు చూస్తారు? పేజీకి రెండు రూపాయలు తీసుకునేవాడికి ఈ రెండు ధరల మధ్య తేడానే షాపు అద్దె.

షట్టర్ సగం దించి బస్సెక్కి ఎస్పీ రోడ్డుకి పోయాను. నేను ఎప్పుడూ కొనే చోట హిందూపురం అబ్బాయి కార్ట్రిడ్జ్ తిరగేసి, పక్కన అతికించి ఉన్న చిప్పు చూపించాడు. చిటికెన వేలి గోరంత పచ్చ ముక్క, దాని మీద బంగారు రంగు చుక్కలు నాలుగు. "అంతా దీంట్లోనే ఉందన్నా. అప్‌డేట్‌లో దీన్ని అడిగే ప్రశ్న మార్చేసినారు. ఈ చిప్పుకి జవాబు తెలీదు" అన్నాడు. పోనీ ఖాళీ అయిన ఒరిజినల్ కార్ట్రిడ్జ్ చిప్పు ఊడదీసి దీనికి అతికిద్దామంటే, అది తనలో టోనర్ అయిపోయిందని గుర్తు పెట్టుకునుంటుందట. నువ్వు నిండా పోసినా అయిపోయిందనే చెప్తుంది. కొత్త చిప్పు రావాలంటే రెండు వారాలు. చేసేది లేక ఆ రోజు 5,400 పెట్టి ఒరిజినల్ కొన్నాను.

డబ్బు పోయినందుకు మండింది నిజమే. అంతకన్నా మండించింది కస్టమర్ కేర్ అమ్మాయి చెప్పిన కారణం. "సర్, మా సాఫ్ట్‌వేర్ కాపీరైట్ రక్షణ కోసం." తల్లీ, నేనేం కాపీ కొట్టాను? నీ సాఫ్ట్‌వేర్ ముక్క ఒక్కటైనా తీసి ఎవడికైనా అమ్మానా? నేను పోసింది నల్ల పొడి. గ్రైండర్ కొన్నాక మినప్పప్పు కూడా మా దగ్గరే కొనాలి, లేకపోతే రాయి తిరగదు అంటే ఊరుకుంటామా?

ఈ వాదన కొత్తదేం కాదు. మా షాపులో ప్రాజెక్టులు ప్రింట్ తీసుకునే లా చదివే తమ్ముడొకడున్నాడు, వాడే చెప్పాడు. అమెరికాలో 1998లో డిజిటల్ తాళాలు పగలగొట్టడం నేరమంటూ చట్టం తెచ్చారు. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ దొంగతనం ఆపడానికని. 2002 చివర్లో లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీ (నాది వాళ్లది కాదు) ఆ చట్టాన్నే పట్టుకుని, టోనర్ చిప్పులు చేసే స్టాటిక్ కంట్రోల్ అనే కంపెనీ మీద కేసేసింది. కాపీ కొట్టారంటున్న ప్రోగ్రామ్ ఎంతో తెలుసా? టోనర్ ఎంతుందో లెక్కేసే 55 బైట్లు. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ మెసేజీ అంతకంటే పెద్దది. కింది కోర్టు లెక్స్‌మార్క్‌కే ఓటేసింది. 2004లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ముందు తలుపుకి తాళమే లేని ఇంటికి వెనక తలుపు తాళం వేసి ఇల్లంతా కాపలా కాస్తున్నానంటే ఎలా అన్న పోలిక కూడా ఆ తీర్పులో ఉంది. ప్రింటర్ కొన్నవాడు ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని ఎలాగూ చదువుకోవచ్చు కదా, తాళం దేనికి అని.

పాటల విషయంలోనూ ఇదే గోల నడిచింది. ఒకప్పుడు ఆపిల్ దగ్గర డబ్బిచ్చి కొన్న పాట వేరే కంపెనీ ప్లేయర్‌లో మోగేది కాదు. దొంగల కోసం వేసిన తాళమన్నారు, కానీ అది పడింది పోటీ కంపెనీల ప్లేయర్ల మీద. యూరప్‌లో గొడవలయ్యాయి. 2009లో ఆ తాళం తీసేస్తే పాటల వ్యాపారం ఏమీ మూతపడలేదు.

ఇక మన దగ్గరికొద్దాం. 2012లో మన కాపీరైట్ చట్టంలో 65ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. అయితే అందులో ఒక మాట ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: హక్కుల్ని ఉల్లంఘించాలనే ఉద్దేశంతో పగలగొడితేనే. చట్టం వద్దనని పని కోసం చేస్తే తప్పు కాదని కింద విడిగా రాసి మరీ పెట్టారు. అమెరికావాళ్ల కంటే మనవాళ్లు ఇక్కడ తెలివిగానే రాశారు. అంటే నా టోనర్‌కి ఈ సెక్షన్‌తో పనే లేదు. అయినా కస్టమర్ కేర్‌లో కాపీరైట్ అన్న మాట వినగానే మనం నోరు మూసుకుంటాం. వాళ్లకి కావాల్సిందీ అదే.

నా గొడవ ఇంతే. కాపీ జరిగినచోట కాపీరైట్ చట్టం రానీ, కాళ్లు విరగ్గొట్టనీ. కాపీయే లేనిచోట అది పోటీని ఆపడానికి వేసిన తాళం. దాన్ని చూడాల్సింది వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా కాపలా కాసే కాంపిటీషన్ కమిషన్. ఆ కమిషన్‌కి ఇది తెలీని విషయమూ కాదు. 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి కలిపి 2,500 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, కారు కంప్యూటర్‌లో రోగం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకి ఇవ్వట్లేదని. కంపెనీలు అప్పుడూ కాపీరైట్, పేటెంట్ లాంటి మేధోహక్కులనే అడ్డం పెట్టాయి. కమిషన్ ఒప్పుకోలేదు. ఆ కారు కొన్నాక ఆ పార్టుకి వేరే దిక్కు లేదు కాబట్టి, మీ పార్టుల బజారుకి మీరే రాజులు, రాజు ఇష్టమొచ్చినట్టు చేయకూడదు అంది. కారు తీసేసి అక్కడ ప్రింటర్ అని రాసుకోండి, అక్షరం మార్చక్కర్లేదు.

కాంపిటీషన్ చట్టంలోనే దారి ఉంది. మేధోహక్కు కాపాడుకోవడానికి న్యాయమైన షరతులు పెట్టుకోవచ్చన్న మినహాయింపు ఒప్పందాల గురించి చెప్పే 3వ సెక్షన్‌లో ఉంది. పెత్తనం దుర్వినియోగం గురించి చెప్పే 4వ సెక్షన్‌లో అలాంటిదేదీ లేదు. కానీ 650 రూపాయల కార్ట్రిడ్జ్ కోసం ఢిల్లీ దాకా ఎవడు పోతాడు? షాపు ఎవడు చూసుకుంటాడు? కంపెనీల ధైర్యమల్లా అదే.

సినిమావాళ్లు నా మీద పడకండి. మొదటి రోజు ఆటకే పైరసీ ప్రింటు బయటికొచ్చే దేశంలో వాళ్ల బాధ వేరు, వాళ్లకి తాళం కావాల్సిందే. వాళ్ల పేరు చెప్పుకుని పొడి అమ్ముకునేవాడు తాళం వేసుకుంటుంటేనే నాకు కడుపుమంట.

రెండు వారాలకి కొత్త చిప్పు వచ్చింది. వైఫై తీసేసి, అప్‌డేట్ అడిగితే నాకు చెప్పకుండా ముట్టుకోవద్దని ప్రింటర్ మీద కాగితం అంటించాను. ఎస్పీ రోడ్డు అబ్బాయికి 65ఏ గురించి చెప్తూ, అందులో ఇంకో తమాషా కూడా ఉందన్నాను. వేరేవాళ్లకి తాళం తీసి పెట్టేవాడు వాళ్ల పేరు, అడ్రసు, ఎందుకోసం తీయించుకున్నారో రాసి పెట్టుకోవాలట.

వాడు నవ్వి నిజంగానే బిల్లు బుక్కు తీశాడు. పేరు రాశాడు, మారతహళ్లి అని రాశాడు.

"ఎందుకోసమని రాయమంటావన్నా?"

"ఆధార్ జిరాక్స్ అని రాయి" అన్నాను.