రచయిత తన కోసమే రాసుకుంటాడా?

రచయితల గురించి ఒక వాదం చాలా కాలంగా చేతులు మారుతూ తిరుగుతోంది. ఎవరి నోట విన్నా దాని సారం ఇదే: నిజమైన రచయిత తన కోసమే రాసుకుంటాడు, పాఠకుణ్ణి తలచుకున్న క్షణంలోనే రచనలోకి అబద్ధం చొరబడుతుంది; డబ్బు కోసం రాసినది సాహిత్యం కాదు; రాతల వల్ల లోకం ఏనాడూ మారలేదు; కాబట్టి రచయితకు సమాజంలో ఒక పాత్ర ఉందనడం అతణ్ణి ఎవరికో ఒకరికి బంటును చేయడమే. వినడానికి ఇది రచయితకు పెద్దపీట వేసే మాటలాగే ఉంటుంది. అయితే రచయిత ఎందుకు రాస్తాడన్న ప్రశ్ననూ, రాసినది బయటికి వెళ్లాక ఏం చేస్తుందన్న ప్రశ్ననూ ఒకటిగా కలిపేయడం వల్లనే ఈ వాదం బలంగా కనిపిస్తోందని నా అభిప్రాయం. అందులోని ఒక్కొక్క మాటనూ విడదీసి చూద్దాం.

తన కోసమే రాసుకుంటాడన్న మాటకు సాక్షులుగా తరచుగా ఇద్దరిని పిలుస్తారు. మొదటి సాక్షి అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్. ఆమె దాదాపు 1,800 కవితలు రాయగా, బతికుండగా అచ్చయినవి పది మాత్రమే. అంతవరకు నిజమే. కానీ ఆమె తన కవితల్లో చాలా వాటిని శుభ్రంగా ప్రతి రాసుకుని, కాగితాలను మడిచి, సూదీ దారంతో చిన్న చిన్న పుస్తకాలుగా కుట్టి దాచింది. వాటిలో అనేక చోట్ల ఒక మాట పక్కన చిన్న కూడిక గుర్తు ఉంటుంది. దానికి బదులుగా వేయదగిన మాటలు కవిత కింద వరుసగా ఉంటాయి. తన మనసులో ఉన్నది తనకు తెలియడానికి అన్ని మాటలను తూచి చూడవలసిన అవసరం ఎవరికీ ఉండదు. పైగా 1862 ఏప్రిల్‌లో ఆమె తనకు పరిచయం లేని హిగ్గిన్సన్ అనే రచయితకు నాలుగు కవితలు పంపి, వీటిలో ప్రాణం ఉందా అని అడిగింది. ఉత్తరాలతోపాటు బంధుమిత్రులకు వందల కవితలు పంపింది. అచ్చు వేయించుకోకపోవడాన్ని పాఠకుడే వద్దనుకోవడంగా లెక్కకట్టడం సరికాదు.

రెండవ సాక్షి జర్మన్ భాషలో కథలు, నవలలు రాసిన కాఫ్కా. తన రాతప్రతులను కాల్చివేయమని స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌ను ఆయన కోరిన మాట అందరికీ తెలుసు. ఆయన జీవించి ఉండగానే కొన్ని పుస్తకాలను స్వయంగా ప్రచురణకు ఇచ్చిన సంగతిని మాత్రం ఎవరూ ఎత్తరు. 1924లో క్షయ గొంతుకు పాకి, మాట పోయి, తిండి మింగుడుపడక, చెప్పదలచినది చీటీల మీద రాసి చూపిస్తున్న రోజుల్లో ఆయన మంచం మీద చేస్తున్న పని అచ్చుకు వెళ్లబోతున్న ఒక కథాసంపుటి ప్రూఫులు దిద్దడం. అందులోని ఒక కథ నిరాహారంగా ఉండటమే ప్రదర్శనగా బతికే మనిషిది. తన కోసమే రాసుకున్నవాడికి ప్రూఫులతో పనేమిటి?

ప్రసిద్ధుల సంగతి పక్కన పెట్టి, ఏ రచయిత బల్ల దగ్గరైనా జరిగే ఒక చిన్న పనిని చూడండి. అతను ముందుగా ‘ఆమె చాలా బాధపడింది’ అని రాస్తాడు. కాసేపటికి దాన్ని కొట్టేసి, ‘ఆమె గ్లాసులో నీళ్లు పోసుకుంది, తాగకుండానే బల్ల మీద పెట్టేసింది’ అని రాస్తాడు. అతనికి మొదటి వాక్యమే చాలు, ఎందుకంటే ఆమె ఎంత బాధపడిందో అతనికి ముందే తెలుసు. రెండవ వాక్యం ఆ గదిలో లేని మనిషి కోసం వచ్చింది. కొట్టివేత ఉన్న ప్రతి పేజీలోనూ ఆ రెండో మనిషి కూర్చుని ఉంటాడు. పాఠకుడికి ఏది నచ్చుతుందో ఊహించి దానికి తగ్గట్టు రాసేవాడు చెడిపోతాడన్న హెచ్చరిక ఈ వాదంలో ఉంటే, దానితో నాకు పేచీ లేదు. అయితే ఆ హెచ్చరిక పాఠకుడి మెప్పు గురించినది. పాఠకుడికి తెలియజెప్పడం వేరే సంగతి.

డబ్బు గురించిన మాటకు ఎక్కువ చర్చ అక్కర్లేదు. రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీ 1865లో ఒక ప్రచురణకర్తతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 1866 నవంబరు 1 నాటికి కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్ల పాటు తన రచనల మీద హక్కులను ఉచితంగా వదులుకోవలసి ఉంది. ఆయన ఒక స్టెనోగ్రాఫరును పెట్టుకుని 26 రోజుల్లో నవల చెప్పి రాయించాడు. అదే ‘జూదరి’. అప్పుల ఒత్తిడిలో పుట్టింది కనుక అది సాహిత్యం కాదని ఎవరూ అనలేదు. మన ఆలంకారికులకు కూడా ఈ మడి లేదు. సంస్కృత కావ్యశాస్త్రకారుడు మమ్మటుడు కావ్యప్రయోజనాలు ఆరు చెబుతూ కీర్తిని మొదటా, ధనాన్ని రెండవదిగా పెట్టాడు. లోకవ్యవహార జ్ఞానం, కీడు తొలగడం, చదవగానే కలిగే పరమానందం, ప్రియురాలి మాటలా ఇంపుగా సాగే ఉపదేశం ఆ తర్వాత వచ్చాయి. ఆరింటినీ పక్కపక్కన పెట్టడానికి ఆయన ఏమాత్రం ఇబ్బంది పడలేదు.

రాతల వల్ల లోకం మారలేదన్న మూడవ మాట అన్నిటికంటే ఓపికగా చూడదగినది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. అమెరికన్ రచయిత అప్టన్ సింక్లెయిర్ 1906లో ‘ది జంగిల్’ నవలను పుస్తకంగా తెచ్చాడు. షికాగో మాంసపు కర్మాగారాల్లో కూలీలు పడుతున్న పాట్లను చూపి జనాన్ని సోషలిజం వైపు తిప్పాలన్నది ఆయన ఉద్దేశం. చదివినవారు మాత్రం తాము తింటున్న మాంసం ఎంత అశుభ్రంగా తయారవుతోందో చూసి బెదిరిపోయారు. ఆ ఏడాది జూన్ 30న మాంసం తనిఖీ చట్టమూ, ఆహార ఔషధాల స్వచ్ఛత చట్టమూ వచ్చాయి. ఆయన ఎవరి కోసం రాశాడో ఆ కూలీల బతుకు ఆ చట్టాలతో బాగుపడలేదు. తాను జనం గుండెకు గురిపెడితే అది పొరపాటున పొట్టకు తగిలిందని ఆయనే వాపోయాడు. రచన లోకాన్ని కదిలించింది, కానీ రచయిత కోరిన దిక్కుకు కాదు. ఏమీ జరగలేదనేవారు మొదటి సగాన్ని చూడరు. కలంతోనే విప్లవం వస్తుందనేవారు రెండవ సగాన్ని చూడరు.

‘కన్యాశుల్కం’ 1897 నాటి తొలి ముద్రణకు గురజాడ రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించగా 1,034 పెళ్లిళ్లు తేలాయి. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఏడాది. ఆ జాబితా నాటకానికి ముందే ఉంది. అయినా నేడు తెలుగువారికి గుర్తున్నది జాబితా కాదు, గిరీశమూ మధురవాణీ లుబ్ధావధానులూ. దురాచారం ఎంత విస్తరించిందో అంకెలు చెప్పాయి. దాన్ని సాగించే మనిషి తన ఇంట్లో ఏ గొంతుతో మాట్లాడతాడో, తనకు తాను ఏమని సర్దిచెప్పుకుంటాడో నాటకం వినిపించింది. ఆ నాటకమే కన్యాశుల్కాన్ని రూపుమాపిందని నేను అనను. బాల్యవివాహాల మీద శారదా చట్టం రావడానికే 1929 దాకా పట్టింది. కానీ జనం నవ్వడం మొదలుపెట్టిన ఆచారాన్ని మళ్లీ గంభీరంగా సమర్థించడం కష్టమవుతుంది. ఆ ముందుమాటలోనే గురజాడ తాను రాయడానికి కారణాలు రెండు చెప్పాడు: సంఘసంస్కరణకు తోడ్పడటం, నాటకానికి తెలుగు పనికిరాదన్న దురభిప్రాయాన్ని ఎదుర్కోవడం. ఒకటి సమాజానికి సంబంధించినది, మరొకటి కళకు సంబంధించినది. ఈ రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాలని ఆయనకు తోచలేదు. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, అదే నాటకాన్ని ఎంతో పెంచి తిరగరాసి మళ్లీ అచ్చువేశాడు.

చివరి మాట, పాత్ర ఉందంటే బంటును చేయడమేనన్నది. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1934లో మాస్కోలో జరిగిన సోవియట్ రచయితల మహాసభ సోషలిస్టు వాస్తవికతను అధికారిక సాహిత్య మార్గంగా నిలబెట్టింది. ఏం రాయాలో పైనుంచి చెప్పే వ్యవస్థ రచయితలను ఏం చేయగలదో ఆ తర్వాతి సంవత్సరాలు చూపించాయి. ఈ వాదం ఇక్కడితో ఆగి ఉంటే నేనూ దానితో ఏకీభవించేవాణ్ణి. అయితే అదే దేశంలో, అదే కాలంలో, పైవారెవరూ అప్పగించని పాత్రను ఒక కవయిత్రి తలకెత్తుకుంది.

కొడుకు జైలుపాలైనప్పుడు అన్నా అఖ్మతోవా లెనిన్‌గ్రాడ్ జైళ్ల ముందు క్యూలలో 17 నెలలు నిలబడింది. ఒకనాడు ఆమెను ఎవరో గుర్తుపట్టారు. వెనుక నిలబడి ఉన్న, పెదవులు నీలిరంగుకు తిరిగిన ఒక స్త్రీ అంతకుముందు అఖ్మతోవా పేరు కూడా వినలేదు. ఆ స్త్రీ అఖ్మతోవా చెవి దగ్గరికి వచ్చి, దీన్ని మీరు వర్ణించగలరా అని గుసగుసగా అడిగింది. అక్కడ అందరూ గుసగుసగానే మాట్లాడేవారు. అఖ్మతోవా వర్ణించగలనంది. ఆ జవాబు విన్నప్పుడు, ఆ స్త్రీకి ఒకప్పుడు ముఖంగా ఉండిన చోట చిరునవ్వు లాంటిదేదో కదిలిందని అఖ్మతోవా తర్వాత రాసింది. అలా వచ్చిన ‘రెక్వియమ్’ కవితలను కాగితం మీద ఉంచడం ప్రాణాపాయం. లిడియా చుకోవ్‌స్కయా వంటి స్నేహితురాలు ఇంటికి వస్తే, పైకి పిచ్చాపాటీ మాట్లాడుతూ, అఖ్మతోవా చిన్న కాగితం మీద కవిత రాసి ఆమెకు అందించేది. స్నేహితురాలు చదివి కంఠస్థం చేసుకున్నాక అఖ్మతోవా ఆ కాగితాన్ని ఆష్‌ట్రే మీద కాల్చేసేది. కవిత అఖ్మతోవాకు ఎలాగూ నోటికి వచ్చు. తన కోసమే అయితే ఆ కాగితం రాయవలసిన పని గానీ, మరొకరి ప్రాణాన్ని అందులోకి లాగవలసిన పని గానీ లేదు. ఆ కవిత ఆమె సొంత దేశంలో అచ్చయ్యేసరికి 1987 వచ్చింది. అప్పటికి ఆమె మరణించి 21 ఏళ్లు.