సవరణ: డిటెక్టర్‌తో పాత నాణేల వేట

మెటల్ డిటెక్టర్‌తో నేలలో నాణేలు వెతకడంపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో మూడు మాటలు మార్చి చదవండి.

‘రేకు ముక్కల మోత పోవాలంటే డిస్క్రిమినేషన్ పెంచండి’ అన్నది నిజాం నాణేలకు పనికిరాదు. డిస్క్రిమినేషన్ అంటే అక్కరలేని లోహాలకు డిటెక్టర్ మోగకుండా ఆపే సెట్టింగు. హాలీ సిక్కా (నిజాం సొంత నాణెం) వెండి రూపాయిలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి డిటెక్టర్ స్క్రీన్ మీద పెద్ద నంబరే వస్తుంది. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు రాగి-నికెల్ అణా అలా కాదు. ఆ మిశ్రమలోహంలో కరెంటు సరిగా పారదు కాబట్టి దాని నంబరు సిగరెట్ పెట్టె రేకు నంబరు దగ్గరే ఉంటుంది. రేకును ఆపేస్తే అణా కూడా ఆగిపోతుంది. ఇనుమును మాత్రమే తీసేసి, మిగతాది డిటెక్టర్ మోత విని తేల్చుకోండి. ఓపిక పట్టాలి, కానీ వేరే దారి లేదు.

‘చింతపండు, ఉప్పుతో తోమాలి’ అన్న వాక్యం పూర్తిగా కొట్టేయండి. పులుపు పైపొరతో పాటు సన్నని అక్షరాలనూ తినేస్తుంది. హిజ్రీ (ఇస్లామిక్ సంవత్సరం) అంకెలు చెరిగితే అది ఏ ఏటి నాణెమో చెప్పలేం. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మట్టి మెత్తబడ్డాక వెదురుపుల్లతో తీయండి.

‘స్థలం యజమాని ఒప్పుకుంటే చాలు’ అన్నదీ తప్పే. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాసివ్వాలి: ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన. గోల్కొండ కోట లాంటి రక్షిత కట్టడాల ఆవరణలో అసలు పలుగు దించకూడదు.