కారు వాళ్లది, అప్పు మనది

షోరూంలో పద్దెనిమిదేళ్ల కుర్రాడు డ్రైవింగ్ సీట్లో కూర్చోగానే మొదట చేసేది సీటు సర్దుకోవడం కాదు, అద్దాలు సరిచూసుకోవడం అంతకన్నా కాదు. జేబులోంచి ఫోన్ తీసి స్క్రీన్‌కి కనెక్ట్ చేస్తాడు. పాట మొదలవుతుంది. ఈలోపు బయట టేబుల్ దగ్గర సేల్స్ అతను కాలిక్యులేటర్‌ని తండ్రి వైపు తిప్పుతాడు. దాని మీద కారు ధర ఉండదు, నెలకు ఎంత కట్టాలో ఉంటుంది. "ఇంకాస్త తగ్గాలంటే ఏడేళ్లకు పెట్టేద్దాం సార్" అంటాడు. తండ్రి ఒకసారి కొడుకు మొహం చూస్తాడు. బేరం అక్కడితో అయిపోతుంది.

ఆ టేబుల్ దగ్గర ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఏడాది తిరక్కుండానే ఈ కారు ఎక్కడో గుద్దుకుంటే లోపల ఉన్నవాడి సంగతేంటి, కట్టాల్సిన బాకీ సంగతేంటి? కొత్త కారు ముందు నిలబడి అలాంటి మాటలేంటని ఇంట్లోవాళ్లు కసురుకుంటారు, నిజమే. కానీ టీనేజ్ పిల్లలకు మొదటి కారు కొనేటప్పుడు మోడలూ రంగూ వడ్డీ రేటూ అన్నీ ఈ ప్రశ్న తర్వాతే రావాలి. ఏ కారు అన్నది ఒక విషయం, అప్పు ఇంకో విషయం అనుకుంటాం. మొదటి ఏడాది మాత్రం రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

ఎలాగో చూద్దాం. అమెరికా లెక్కల్లో, నడిపిన ప్రతి మైలుకూ చూస్తే, 16 నుంచి 19 ఏళ్ల డ్రైవర్లు ప్రాణాంతక ప్రమాదాల్లో చిక్కుకునే రేటు 20 దాటినవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు. అందులోనూ పక్కన పెద్దవాళ్లు లేకుండా ఒక్కరే నడపడం మొదలెట్టిన తొలి నెలలు మరీ గడ్డుకాలం. తర్వాత ఆ రేటు వేగంగానే దిగుతుంది. ఇది చూపులోనో చురుకుదనంలోనో ఉన్న లోపం కాదు, అవి ఆ వయసులో మనకంటే బాగానే ఉంటాయి. రోడ్డును చదవడం రాదు, అంతే. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారని ఇరవై ఏళ్లు నడిపినవాడి కాలు తనంతట తానే బ్రేకు మీదికి వెళ్తుంది. కొత్తవాడికి మనిషి కళ్లబడ్డాకే బ్రేకు గుర్తొస్తుంది. కారులో స్నేహితులుంటే, పైగా రాత్రయితే, ఈ తేడా ఇంకా పెరుగుతుంది. న్యూజిలాండ్ 1987లోనే దశలవారీ లైసెన్సు తెచ్చి, రాత్రిపూట నడపడం మీదా తోటివాళ్లను ఎక్కించుకోవడం మీదా ఆంక్షలు పెట్టింది అందుకే. తర్వాత చాలా దేశాలు ఆ దారి పట్టాయి.

ఇక డబ్బు సంగతి. కొత్త కారు విలువ అన్నిటికంటే వేగంగా పడిపోయేది మొదటి ఏడాదే. చాలా మోడళ్లు సుమారు ఐదో వంతు అప్పుడే పోగొట్టుకుంటాయి. బాకీ కొండంత ఉండేదీ ఆ ఏడాదే. అంటే గుద్దే అవకాశం, పడిపోయే విలువ, తీరని బాకీ, ఈ మూడూ ఒకే పన్నెండు నెలల్లో వచ్చి పడతాయి.

కారు ధర 100 అనుకుని లెక్క వేద్దాం. చేతి డబ్బు పైసా పెట్టకుండా 10 శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పు తీసుకున్నారు. ఏడాదిపాటు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా బాకీ ఇంకా 90 దగ్గరే ఉంటుంది. కారు విలువ అప్పటికి 80. ఆ రోజు కారు తుక్కయితే బీమా కంపెనీ కారు విలువే చూస్తుంది, మీ బాకీ ఎంతో దానికి పట్టదు. లేని కారుకి ఇంకో 10 కడుతూ కూర్చోవాలి. అదే 20 డౌన్ పేమెంట్ కట్టి, మిగతా 80 ఐదేళ్లకు తీసుకుంటే ఏడాది చివర బాకీ 67. బీమా డబ్బుతో అది తీరిపోగా ఇంకో కారు డౌన్ పేమెంట్‌కి కొంత మిగులుతుంది. కారు అదే, ప్రమాదం అదే, కుటుంబం పరిస్థితి మాత్రం వేరు. బాకీకీ విలువకీ మధ్య తేడాను ఇచ్చే గ్యాప్ కవర్ కొన్ని దేశాల్లో దొరుకుతుంది. కొన్నిచోట్ల కొన్న ధర మొత్తం ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ ఉంటుంది. డౌన్ పేమెంట్ తక్కువ పెట్టినవాళ్లు ఏదో ఒకటి తీసుకోవడం మంచిదే. కాకపోతే అది లేకుండా నిద్రపట్టని పరిస్థితి ఉంటే, ఆ కారు మన స్థాయికి కాస్త ఎక్కువైనట్టే.

"నెలకు ఎంత" అన్న ప్రశ్నలో ఉన్న మోసం కూడా ఇక్కడే తెలుస్తుంది. అదే 10 శాతానికి 100 అప్పు తీసుకుంటే మూడేళ్లలో కట్టే వడ్డీ 16. ఐదేళ్లయితే 27, ఏడేళ్లయితే 39. నెలవారీ అంకె చిన్నదయ్యేకొద్దీ కారు ఖరీదు పెరుగుతోందన్నమాట. ఇంకో తిరకాసు ఫ్లాట్ రేటు. "ఆరు శాతమే సార్" అంటారు. ఫ్లాట్ రేటులో మీరు సగం అసలు తీర్చేశాక కూడా వడ్డీ మొదటి రోజు అప్పు మీదే లెక్క కడతారు. ఐదేళ్లకు 6 శాతం ఫ్లాట్ అంటే, తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే దాదాపు 11 శాతం. రెండు చోట్ల రేట్లు పోల్చేటప్పుడు ముందు అడగాల్సింది ఇదే. తర్వాత అడగాల్సింది, ముందుగా తీర్చేస్తే జరిమానా ఉందా అని. షోరూంకి వెళ్లే ముందే ఒక బ్యాంకులో మనకు ఎంత రేటుకి ఇస్తారో కనుక్కుని వెళ్తే, ఆ టేబుల్ దగ్గర మనం కూర్చునే తీరే మారిపోతుంది.

నేనూ మోసపోయినవాణ్నే. ఒకసారి కారు కొన్నప్పుడు బాడీకి కోటింగ్, సీట్ కవర్లు, పొడిగించిన వారంటీ అన్నీ కలిపి "నెలకు పెద్ద తేడా రాదు సార్" అంటే సరేనని సంతకం పెట్టాను. కోటింగ్ మెరుపు ఏడాది కూడా నిలవలేదు. దాని మీద వడ్డీ మాత్రం ఐదేళ్లు కట్టాను. ఆ షోరూం తప్పేం లేదనుకోండి, కాగితం చదవకుండా సంతకం పెట్టింది నేనే.

సరే, ఏ కారు? పిల్లల చేతికి చిన్న కారు ఇస్తే చాలులే అనుకోవడం సహజం. గుద్దుకున్నప్పుడు మాత్రం బరువు లెక్కలోకి వస్తుంది. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ టీనేజర్ల కోసం ఇచ్చే సిఫారసుల్లో సుమారు 1,250 కిలోల కంటే తేలికైన కార్లను పక్కనపెడుతుంది. ఎక్కువ హార్స్‌పవర్ ఉన్నవీ వద్దంటుంది. అలాగని కొండలాంటి ఎస్‌యూవీ కొనమనీ కాదు. దాన్ని ఆపడం, మలపడం కొత్తవాళ్లకు కష్టం. మధ్యరకం బరువు, మామూలు ఇంజిన్, అందరూ నవ్వుకునేంత బోరు కొట్టే సెడానో హ్యాచ్‌బ్యాకో చాలు.

ఆ బోరు కారులోనూ తప్పనిసరిగా ఉండాల్సింది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. మలుపులో కారు అదుపు తప్పబోతే ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో అదే చూసుకుంటుంది. ఒంటరిగా ఒక కారు రోడ్డు దిగిపోయో దేన్నో గుద్దుకునో జరిగే ప్రాణాంతక ప్రమాదాల ముప్పును ఇది దాదాపు సగానికి తగ్గిస్తుంది. కొత్తవాళ్లు చేసేవి అలాంటి తప్పులే. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి చేశారు. అన్ని దేశాల్లో అలా లేదు కాబట్టి, కొనబోయే వేరియంట్‌లో ఉందో లేదో కాగితం మీద చూసుకోవాలి. ముందున్న వాహనాన్ని చూసి తానే బ్రేకు వేసే ఏర్పాటు ఉంటే వెనక నుంచి గుద్దే ప్రమాదాలు సగానికి సగం తగ్గుతాయి. క్రాష్ టెస్ట్ స్టార్ల విషయంలో ఒక జాగ్రత్త. ఆ స్టార్లు ఏ సంవత్సరంలో, ఏ వేరియంట్‌కి వచ్చాయో చూడాలి. టెస్టులు ఏటికేడు కఠినమవుతుంటాయి, పాత ఐదు స్టార్లూ కొత్త ఐదు స్టార్లూ ఒకటి కావు.

వాయిదా తగ్గించుకోవడానికి జనం కోసేది కూడా వీటినే. సన్‌రూఫ్ ఉంటుంది, పెద్ద స్క్రీన్ ఉంటుంది, పక్క ఎయిర్‌బ్యాగులు మాత్రం పై వేరియంట్‌లో ఉండిపోతాయి. నన్నడిగితే పెద్ద కారు కింది వేరియంట్ కంటే, ఒక మెట్టు దిగి ఆ చిన్న మోడల్‌లో భద్రత పూర్తిగా ఉన్న వేరియంట్ మేలు.

అన్నిటికంటే తేలని చిక్కు తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది. 2009లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ఒక కారును ప్రధానంగా తామే నడిపే టీనేజర్లనూ, ఇంట్లోవాళ్లతో కారు పంచుకునేవాళ్లనూ పోల్చి చూసింది. అలా కారు తమ చేతిలోనే ఉన్నవాళ్లు ప్రమాదానికి గురైనట్టు చెప్పిన రేటు రెండు రెట్లకు పైనే. ఇందులో వింతేం లేదు. "నాన్నా, సాయంత్రం కారు కావాలి" అని అడిగితే "ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి వస్తావ్" అన్న మూడు ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. తాళం జేబులో ఉన్నవాణ్ని ఆ ప్రశ్నలు అడిగేవాళ్లుండరు. అందుకే కొత్త కారు కొనండి, కాదనను. దాన్ని ఇంటి కారుగా కొనండి, పుట్టినరోజు కానుకగా కాదు. వాయిదా కట్టేది మీరైనప్పుడు తాళం అడిగి తీసుకోవాలన్న నియమం పెట్టడానికి మొహమాటం ఎందుకు?

వాయిదా మేమే కట్టుకుంటాం అని పిల్లలు అంటుంటారు. మైనర్ సంతకానికి అప్పు ఎవరూ ఇవ్వరు. పద్దెనిమిది నిండినా చేతిలో జీతం, వెనక అప్పుల చరిత్ర లేకపోతే బ్యాంకు పెద్దవాళ్ల సంతకం అడుగుతుంది. ఆ షూరిటీ సంతకాన్ని చాలామంది ఆశీర్వాదంలా పెట్టేస్తారు. పిల్లాడు రెండు నెలలు కట్టకపోతే బాకీ మీదవుతుంది, ఇద్దరి క్రెడిట్ స్కోరూ పడుతుంది. దానికంటే అప్పు మీ పేరునే ఉంచుకుని, పెట్రోలూ సర్వీసూ వాళ్ల చేతిలో పెట్టడం నయం. గట్టిగా తొక్కితే ట్యాంకు ఎంత త్వరగా ఖాళీ అవుతుందో సొంత డబ్బుతోనే తెలియాలి.

బీమాలో మాత్రం తెలివితేటలు వద్దు. ప్రీమియం తగ్గుతుందని, రోజూ నడిపేది పిల్లలైనా ప్రధాన డ్రైవర్‌గా తండ్రి పేరు రాయించే అలవాటు ఉంది. బ్రిటన్‌లో దీన్ని ఫ్రంటింగ్ అంటారు, మోసంగానే చూస్తారు. క్లెయిమ్ వచ్చిన రోజు పాలసీయే చెల్లదనవచ్చు. డ్రైవర్ పేరు అడిగే పద్ధతి ఉన్న ఏ దేశంలోనైనా అసలు నడిపేది ఎవరో చెప్పడమే క్షేమం.

మా అమ్మాయికి లైసెన్సు వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఏడాదిపాటు పాత కారే నడపాలి, ఆ ఏడాదిలో మేం నెలనెలా వాయిదా అంత డబ్బు పక్కన పెడతాం, అదే డౌన్ పేమెంట్ అవుతుంది అని తేల్చాం. తను రెండు రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో నెల నడుస్తోంది. వెనక బంపర్ మీద రెండు సొట్టలు, ఎడమ అద్దానికి నల్ల టేపు. మొన్న రివర్స్ చేస్తూ గేటు దగ్గర ఆపి, దిగి, వెనక్కి వెళ్లి చూసి, మళ్లీ వచ్చి కూర్చుంది. అక్కడ ఎవరూ లేరు.