హోదా చాటున జీతం కోత

‘ఒకే హోదాలో ఉన్న ఆడా మగా ఇద్దరికీ ఒకే జీతం. ఇక వివక్ష ఎక్కడ?’ ఇంక్రిమెంట్ల వేళ జీతాల తేడా గురించి అడిగితే విజయవాడలో యాజమాన్యాలు చెప్పే మాట ఇదే. ఈ జవాబు మాకు మింగుడుపడటం లేదు.

ఇంటర్ లెక్కల్లో షరతుతో కూడిన సంభావ్యత, అంటే ఫలానా షరతు పెడితే ఒకటి జరిగే అవకాశం ఎంతో చదివిన పిల్లలు కూడా ఇందులోని కిటుకు పట్టేస్తారు. ఒక కంపెనీలో వంద మంది మగవాళ్లు, వంద మంది ఆడవాళ్లు ఉన్నారనుకుందాం. సూపర్‌వైజర్‌కు 30 వేలు, మిగతావాళ్లకు 15 వేలు. సూపర్‌వైజర్లలో మగవాళ్లు 40 మంది, ఆడవాళ్లు 10 మంది. ‘హోదా ఒకటే అయితే’ అన్న షరతు పెట్టి చూస్తే తేడా సున్నా. ఆ షరతు తీసేసి సగటు కట్టండి: మగవాళ్లకు 21 వేలు, ఆడవాళ్లకు 16,500. ఆ నాలుగున్నర వేలను మింగింది షరతే. మగవాడైతే ఆ కుర్చీ దక్కే అవకాశం 40 శాతం, ఆడమనిషైతే 10 శాతం. యాజమాన్యం చెప్పాల్సిన లెక్క ఇదీ.

చదువు, అనుభవం కూడా చూడాలంటారు. చూడాల్సిందే. 1973లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ పీజీ అడ్మిషన్లలో దరఖాస్తు పెట్టిన మగవాళ్లలో 44 శాతం మందికి, ఆడవాళ్లలో 35 శాతం మందికి సీట్లు దక్కాయి. విభాగాల వారీగా చూస్తే ఆ తేడా దాదాపు మాయమైంది; సీటు దొరకడం కష్టమైన విభాగాలకే ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు పెట్టారు. కానీ అక్కడ ఏ విభాగానికి దరఖాస్తు పెట్టాలో విద్యార్థులే ఎంచుకున్నారు. ఇక్కడ కుర్చీ ఎవరికో తేల్చేది యాజమాన్యం. తానే పెట్టిన షరతును తానే సాక్ష్యంగా చూపిస్తే ఎలా ఒప్పుకుంటాం?

బట్టల షోరూముల్లో చూడండి. పొద్దుటి నుంచి నిలబడి చీరలు విప్పి, మడిచి, బేరం తెగ్గొట్టే అక్క ఏళ్ల తరబడి కౌంటర్ దగ్గరే ఉంటుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఫ్లోర్ మేనేజర్ అవుతాడు. మర్నాటి నుంచి ఆమె అతన్ని ‘సార్’ అనాలి. గుంటూరు మిర్చి పనిలో తొడిమలు తీసేది ఆడవాళ్లు. ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటున్నా ఆ వేళ్ల మంట తగ్గదు. ‘పని వేరు, అందుకే కూలి వేరు’ అంటారు. ఆ పనిని వేరు చేసిందెవరు?

1976 సమాన వేతన చట్టానికి 1987లో సవరణ తెచ్చి, ప్రమోషన్లలో, శిక్షణలో వివక్షనూ నిషేధించారు. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లో ప్రమోషన్ల మాట విడిగా లేదు. తప్పించుకునే దారి ఏదో, సరిగ్గా అక్కడే తలుపు తెరిచి పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం హోదాల వారీ జీతాల పట్టిక ఒక్కటే చూసి సరిపెట్టకూడదు. ఆ హోదాలకు ఎవరు చేరారో కూడా అడగాలి.

యాజమాన్యాలు కూడా గత ఐదేళ్లలో ఎంతమంది ఆడవాళ్లకు, ఎంతమంది మగవాళ్లకు ప్రమోషన్ ఇచ్చాయో నోటీసు బోర్డులో పెట్టాలి. ఆ ధైర్యం లేనివాళ్లు మార్చి 8న గులాబీలు పంచడం మానుకోవాలి.